చాటింపు లేని ధర్మము

నియమ మొకటి ఎచటనో ఒక సభలో నిర్ణయింపబడి, కాగితముపై నెక్కి, అధికారుల సంతకములను పొంది, దానిని ఆచరింపవలసినవారి చెవిని మాత్రము పడక నిలిచియున్న కాలమున, అది నియమమగునా కాదా యను ప్రశ్న ధర్మశాస్త్రములంత ప్రాచీనమైనది. కాని ఆ ప్రశ్న నేడు న్యాయస్థానములలో కంటె ఆటస్థలములలోనే తఱచుగా ఎదురగుచున్నది. పౌరుడు శాసనమును జీవితమున ఏ రెండు మూడు పర్యాయములో స్మరించును. ఆటగాడన్ననో అడుగడుగునను నియమమునకు లోబడియే కదలును, వానికి తీర్పు చెప్పవలసిన రెఫరీకి ఆలోచించుకొనుటకు ఒక్క నిమేషమైనను గడువుండదు. అట్టివాని చేతికి మారిన నియమావళి కాలము మించిన పిదప అందినయెడల వాని ధర్మమేమి? తెలిసిన పాతదానిని పాటించుటయా, విన్నంతమేరకు క్రొత్తదానిని ఊహించి నడపుటయా? ఇది ఆటలవారి చిన్న చిక్కని తోసివేయువారు కలరు. నాకట్లు తోచదు. ధర్మము మనుష్యుని యొద్దకు ఏ మార్గమున చేరవలెను, చేరనినాడు ఆ లోపమునకు ఎవరు పూచీ యను విచారము మన ఇతిహాసములందును మీమాంసయందును గంభీరముగనే సాగినది.

కావలి ప్రాంతమున కబడ్డీ యెవరును కూర్చుండబెట్టి నేర్పు విద్య కాదు. తూర్పున తుమ్మలపెంట ఇసుకపై ఆడు కుఱ్ఱలును, పడమటి పల్లెలలో కోతలైన కయ్యలలో కూత పెట్టు పిల్లలును దానిని నడకతోపాటే నేర్తురు. సంక్రాంతి దినములలో దీపములు కట్టి రాత్రిపూట పందెములు నడపు ఊరి పెద్దలకు నియమములన్నియు నోటనే యుండును. పాఠశాలల పోటీల సంగతి వేఱు. అచట సున్నముతో గీచిన బరి, కొలత తప్పని గీతలు, ఒక రెఫరీ, ఇద్దఱంపైర్లు, స్కోరరు, వీరందఱికిని ప్రమాణముగా ఒక పుస్తకము ఉండవలెను. పురుషుల బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు; ఆ వెడల్పులోనే ఇరుప్రక్కల మీటరు మేర లాబీ. కూతకు పోయినవాడు ఎదుటి జట్టులో నొకని తాకువఱకు ఆ లాబీ బరిలోనిది కాదు. తాకిన మఱుక్షణమున అదియే బరిలో భాగమగును. ఒక్క స్పర్శచేత నిషిద్ధమైన నేల అనుమతమగు ఈ సూక్ష్మమును పదేండ్ల బాలుడును ఎఱుగును. అయితే ఎవరిని తాకకయే కూతగాడు లాబీలోనికి పోగా, వానిని వెంబడించి ఎదుటివారును అందు అడుగిడినచో వారి గతి యేమి? వారును అవుటే యని ఒక పద్ధతి. పోయినవాడొక్కడే అవుటని వేఱొక పద్ధతి. పుస్తకమునకును పుస్తకమునకును ఇచటనే భేదము వచ్చినది.

పిల్లలు పి.ఇ.టి. సారని పిలుచు వ్యాయామోపాధ్యాయు లొకరు ఈ విషయమున తమకు తటస్థించిన యిబ్బందిని నాకు చెప్పిరి. మండలస్థాయి పోటీలనాడు చీకటితోనే మైదానమునకు వచ్చి, త్రాడు పట్టి గీతలవెంట సున్నము పోయించుచుండగా, వారి సెల్‌ఫోనునకు ఒక మిత్రుడు సవరించిన నియమముల పుటలు కొన్ని పంపెనట. ఆంగ్లమున నున్న ఆ పుటలపై అవి ఏనాటినుండి అమలులోనికి వచ్చునో తెలుపు తేదీ లేదు. పంపినవానికిని అవి ఎవరో పంపినవే. తోడి రెఫరీలలో ఒకరు టెలివిజనులో చూపు లీగు పోటీల పద్ధతియే సరియైనదనిరి. మఱియొకరు తాము శిక్షణపొందిన నాటి పుస్తకమును, అంచులు నలిగి పెన్సిలు గుర్తులతో నిండినదానిని, సంచినుండి తీసి బల్లపై పెట్టిరి. ఎండ యెక్కుచున్నది, జట్లు వచ్చి కూర్చున్నవి. అప్పుడు సారు ఇరుజట్ల నాయకులను, వారిని తెచ్చిన ఉపాధ్యాయులను బరి నడుమకు పిలిచి, పాత పుస్తకమునందలి లాబీ నియమమును వాడుకమాటలలో వినిపించి, నేటి పోటీలన్నిటికిని ఇదియే ప్రమాణమని చెప్పిరి.

"టీవీలో అట్లా ఇయ్యరు గదా సార్?" అని ఒక పిల్లవాడు అడిగెనట.

"టీవీ సంగతి టీవీది నాయనా. పొద్దున మొదలుపెట్టినదాన్ని సాయంత్రందాకా మార్చేది లేదు. అడిగేదేమన్నా ఉంటే ఇప్పుడే అడగండి" అని సారు చెప్పిన సమాధానము.

ఆ పుటలు నిజముగా అమలులోనికి వచ్చినవే యైనచో, సారు ఆ దినమంతయు కాలము చెల్లిన నియమముతో తీర్పు చెప్పినట్లు కాదా యని అడుగవచ్చును. అగును. అయినను వారు చేసినదే ధర్మమని నా నిశ్చయము. అందులకు కారణములు చెప్పుటకు ముందు, ఆ చిక్కే లోకమంతయు చూచుచుండగా ఎట్లు పరిణమించెనో స్మరింపవలసియున్నది.

2023 అక్టోబరు 7వ తేదీన చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున ఆసియా క్రీడల పురుషుల కబడ్డీ తుదిపోటీలో భారత ఇరాన్ జట్లు తలపడినవి. ఇరుపక్షములు 28 పాయింట్లతో సమానముగా నుండి, ఆట ముగియుటకు నిమిషము మాత్రమే మిగిలియుండగా, పవన్ సెహ్రావత్ కూతకు పోయి, ఎవరిని తాకకయే లాబీలో అడుగిడెను. ఇరానీయులు కొందఱు వానిని వెంబడించి అచటికే వచ్చిరి. అంతట ఏ నియమమున తీర్పు చెప్పవలెనను వివాదము పుట్టినది. అంతర్జాతీయ సమాఖ్య పుస్తకమునందలి పాత నియమమొకటి, వృత్తి క్రీడాకారుల లీగులో వాడుకపడిన క్రొత్త నియమమొకటి. రెంటిలో ఏది యని తేలక అధికారులు చెప్పిన తీర్పును మార్చిరి, మార్చినదానిని మరల మార్చిరి, ఆట గంటసేపు నిలిచిపోయినది. తుదకు పాత నియమమే చెల్లి, భారతదేశము 33–29 పాయింట్లతో స్వర్ణపతకమును గెలిచినది.  మన జట్టు గెలిచినందులకు సంతోషింపనివాడను కాను. కాని ఇరానీయుల ఆక్రోశము గౌరవింపదగినది కాదని నేననలేను. మనవారు ఓడియుండినను నా మాట యిదియే. ఏ నియమము మేలైనదన్నది అప్పటి దోషము కాదు. ఆట మొదలగుటకు ముందు తేలవలసిన ప్రశ్న, ఆట ముగియబోవు నిమిషమున, ప్రతి సమాధానమును ఎవరికో ఒకరికి విజయమును ఎవరికో ఒకరికి పరాజయమును తెచ్చిపెట్టు సమయమున అడుగవలసివచ్చుటయే దోషము. అట్టివేళ చెప్పిన తీర్పు సత్యమైనను పక్షపాతముగనే కనబడును.

ఇక నా నిశ్చయమునకు కారణములు. వానిలో మొదటిది మాండవ్యుని కథ. మౌనవ్రతమున నున్న ఆ మునియాశ్రమమున దొంగలు సొమ్ము దాచిపోగా, రాజభటులు వానిని దొంగలలో నొకనిగా భావించి శూలమున కొఱత వేసిరి. పిదప ఆయన యమధర్మరాజు నొద్దకు పోయి, నే నే పాపము చేసితినని ఈ శిక్షయని నిలదీసి యడిగెను. బాల్యమున నీవు తూనీగలను పుల్లలతో గ్రుచ్చితివి, దాని ఫలమిది యని యముడు లెక్క చూపెను. ఆ లెక్కలో తప్పు లేదు. ప్రాణిని హింసించుట పాపమే. కాని మాండవ్యుడు ఒప్పుకొనలేదు. ధర్మాధర్మము లెఱుగని బాలుని చేష్టకు ఇంతటి దండనమా యని కోపించి, సాక్షాత్తు ధర్మదేవతనే మనుష్యుడవై పుట్టుమని శపించి, పదునాలుగేండ్లు నిండువఱకు చేసిన చేతలకు పాపమంటదని మర్యాద కట్టెను. కథ విన్నవారు శాపమును జ్ఞాపకముంచుకొందురు గాని నా కెక్కువ విలువైనది ఆ మర్యాద. మాండవ్యుడు యముని నియమమును కొట్టివేయలేదు, అది అన్యాయమైన నియమమనియు అనలేదు. అది మనుష్యుని ఎప్పటినుండి బంధింపవలెనో ఆ అవధిని మాత్రము నిర్ణయించెను: ఎఱుక కలిగినప్పటినుండి. ధర్మమునకు అధిదేవతయైనవానికే ఈ హద్దు తప్పలేదన్నచో, క్రీడాసమాఖ్యల కార్యదర్శులకు తప్పునా? మన పాఠశాలల క్రీడలలోను పదునాలుగేండ్లలోపు బాలబాలికలకు ప్రత్యేకముగా ఒక తరగతి యున్నది. ఆ వయస్సువారిని బరిలో నిలిపి, వారెన్నడు వినని నియమముతో అవుటని పంపునప్పుడు, ఆ మునిని ఒకసారి తలచుకొనుట మంచిది.

పురాణముతో తృప్తిపడనివారికి మన సర్వోన్నత న్యాయస్థానము 1951లో ఇచ్చిన తీర్పు కలదు. జయపూరు సంస్థానమున మంత్రిమండలి 1923లో నల్లమందు విషయమున ఒక శాసనమును తీర్మానించెను. అది గెజెట్టులోగాని మఱి యే విధముననైనగాని ప్రజలకు తెలుపబడలేదు. ఏండ్లు గడచిన పిదప హర్లా యను నతనికి ఆ శాసనము ననుసరించి 50 రూపాయలు జరిమానా పడినది. ఏబది రూపాయల ఈ వ్యాజ్యెము ఢిల్లీవఱకు పోయినది. జస్టిస్ వివియన్ బోస్ తీర్పు చెప్పుచు, తలుపులు మూసికొని చేసిన తీర్మానమును ప్రజలకు ఏదో ఒక విధముగా ప్రకటింపక వారిని దండించుట సహజన్యాయమునకు విరుద్ధమని నిర్ణయించి, ఆ శిక్షను రద్దుపఱచెను. క్రైస్తవ తత్త్వజ్ఞుడు థామస్ అక్వినాస్ 13వ శతాబ్దముననే శాసనలక్షణములను లెక్కించుచు ప్రకటనమును అందొక అంగముగా చేర్చెను. ప్రకటనము శాసనమునకు పిమ్మట జరుగు ఉపచారము కాదు. అది లేనిదే శాసనము పుట్టినట్లే కాదని భావము.

అయితే తెలియదనుట క్షమాపణకు చాలదని లోకమనుచున్నది కదా? ఆ మాటయు సత్యమే, కాని అది అందఱికిని ఒకే తూనికతో వర్తింపదు. తెలిసి చేసినదానికిని తెలియక చేసినదానికిని స్మృతికారులు ప్రాయశ్చిత్తములను వేఱువేఱుగనే విధించిరి. తెలియక చేసినదానికి ప్రాయశ్చిత్తమే లేదని మాత్రము వారు చెప్పలేదు. ఆటగాని అజ్ఞానము వేఱు, అధికారి అజ్ఞానము వేఱు. ఆటగాడు చెప్పినది విని ఆడువాడు. అధికారి తెలిసికొని చెప్పవలసినవాడు. వెదకుట వాని వృత్తిలోని భాగము. పుస్తకము రాలేదని చేతులు ముడుచుకొని, ఎవరిని అడుగక, లేఖయైన వ్రాయక, శిక్షణతరగతికి పోక యున్నవాని అజ్ఞానము వాని సొంత ఆర్జనము. అడిగి, వెదకి, తిరిగి, పొందలేకపోయినవాని సంగతి యట్టిది కాదు. మనమెఱిగిన రెఫరీలలో ఈ రెండవ తెగవారే యెక్కువ యని నా నమ్మకము. తమ డబ్బుతో పుటలను అచ్చుతీయించుకొని, అర్థము కాని వాక్యమును ఎవరి యింటికో పోయి చెప్పించుకొనువారు వారిలో కలరు. ఆ శ్రమను ఎవరును లెక్కింపరు.

రెండు విధులు ఎదురెదురుగా నిలిచినప్పుడు ఏమి చేయవలెనన్న ప్రశ్నను, వేదవిధుల అర్థమును నిర్ణయించు మీమాంసకులంత నిష్ఠగా విచారించినవారు లోకమున మఱి లేరు. యాగమున అర్పించు పురోడాశమను అప్పమునకు వ్రీహులు, అనగా వడ్లు, వాడుడని ఒక విధి, యవలు వాడుడని ఒక విధి. రెండును వేదవాక్యములే, రెంటికిని సమానబలమే. కనుక వికల్పము, అనగా ఏదైన నొకటి యని వారు అంగీకరించిరి. కాని మనస్ఫూర్తిగా కాదు. వికల్పమున ఎనిమిది దోషములున్నవని వారే లెక్కపెట్టిరి: ప్రమాణమని తెలిసినదానిని విడుచుట, అప్రమాణమని త్రోసినదానిని చేపట్టుట, విడిచినదానిని మరల ఎత్తికొనుట, ఎత్తికొన్నదానిని మరల విడుచుట, ఇట్లు ఒక్కొక్కదానికి నాలుగేసి. ఉదయపు ఆటలో పాత నియమమును, మధ్యాహ్నపు ఆటలో క్రొత్తదానిని, తుదిపోటీలో మరల పాతదానిని పాటించిన రెఫరీని తలచుకొన్నయెడల ఈ యెనిమిదియు కండ్లకు కట్టును. అందుచేతనే వారింకొక కట్టడి చేసిరి. ఒకదానితో ఆరంభించిన క్రతువును దానితోనే ముగింపవలెను. వ్రీహులతో మొదలిడినవానికి నడుమ అవి పోయినను, యవలు చేరువనే యున్నను వానిని తీసికొనరాదు. వ్రీహులను పోలిన నీవారధాన్యమునే వెదకి తెచ్చుకొనవలెను. ఎంత లోతైన మాట! ఆరంభమున చేసిన సంకల్పము కర్తను బంధించినది. మేలైనది దొరకినదను సాకుతో దానిని మధ్యమున మార్చుటకు వీలులేదు.

పి.ఇ.టి. సారు బరి నడుమ నిలిచి చేసినది ఇట్టి సంకల్పమే. రెండు పుస్తకములలో ఏది శ్రేష్ఠమో నిర్ణయించు అధికారము ఆయనకు లేదు, ఆయన ఆ పని చేయనులేదు. ఏది ఇరుపక్షములకును ఒకే వేళ, పందెము పడకముందు, సమానముగా తెలుపదగియున్నదో దానిని తెలిపి, దానికి తాను కట్టుబడెను. ఆట ధర్మ్యమగుట నియమము క్రొత్తదగుటచేత కాదు. ఇరువురును ఎఱిగి అంగీకరించి దిగుటచేత. ఆ పుటలపై స్పష్టమైన తేదీయే యుండి, జట్లన్నిటికిని అవి ముందుగా చేరియే యుండినచో, సారు పాతదానినే పట్టుకొనుట మొండితనమగును. దానిని నేను సమర్థింపను.

అయినను భారమంతయు రెఫరీపైననే మోపుట న్యాయము కాదు. ఇందులకు ద్యూతసభను మించిన నిదర్శనము నాకు కనబడదు. ఆ సభయు ఆట జరిగిన స్థలమే. తన్నోడి నన్నోడెనా, నన్నోడి తన్నోడెనా యని ద్రౌపది యడిగిన ప్రశ్న నియమమునకు సంబంధించిన ప్రశ్న: తన్ను కోల్పోయినవానికి పణమొడ్డు అధికారము కలదా? పాచికలు వేయుటకు ముందు ఎవరును దానిని తేల్చలేదు, వేసిన పిదప తేల్చగలవారు తేల్చలేదు. ధర్మము సూక్ష్మమని భీష్ముడు తప్పుకొనెను. అడిగినది వికర్ణుడును విదురుడును మాత్రమే పట్టించుకొనిరి. ఈ విదురుడెవరో మఱవరాదు. మాండవ్యుని శాపమున మనుష్యుడై పుట్టిన యముడే. ఎఱుగని బాలుని ఒకనాడు లెక్క ప్రకారము దండించిన ధర్మదేవత, ఈనాడు చేతిలో దండము లేక, నియమము తేలని ఆటలో ఒక స్త్రీకి జరుగుచున్న అన్యాయమును చూచుచు, సభ్యులారా సమాధానము చెప్పుడని వేడుకొనుచున్నాడు! వ్యాసభగవానుడు ఈ రెండు కథలను ఒక్క వ్యక్తియందు ముడివేయుట యాదృచ్ఛికమని నేననుకొనను.

అప్పుడు విదురుడు ప్రహ్లాదుని కథ చెప్పెను. తన కొడుకు విరోచనునికిని సుధన్వునికిని ఎవరధికులను వివాదమున ప్రాణములే పణముగా నుండగా, తీర్పు చెప్పవలసివచ్చిన ప్రహ్లాదుడు కశ్యపుని సలహా అడిగెను. ధర్మము గాయపడి సభకు వచ్చినప్పుడు సభ్యులు ఆ శల్యమును తీయనియెడల, ఆ పాపమున సగము సభకు పెద్దయైనవానికి, పాతిక చేసినవానికి, పాతిక ఖండింపక యూరకున్నవారికి పోవునని కశ్యపుడు పంచిపెట్టెను. ప్రహ్లాదుడు తన కొడుకునకు వ్యతిరేకముగనే తీర్పు చెప్పెను. ఈ పంపకమును నేటి మైదానమునకు అన్వయించి చూడుడు. సందేహమెఱిగియు నోరు మెదపని రెఫరీకి పాతిక కలదు, దానిని నేను తగ్గింపను. తెలిసిన సందును ఉపయోగించుకొని గెలువజూచు జట్టువారికి పాతిక. సగము మాత్రము పెద్దపీటపై కూర్చున్నవారిది: నియమమును మార్చి, ఆ మార్పును పోటీలకాలము వచ్చువఱకు బీరువాలో నుంచి, పిదప ఆంగ్లమున నాలుగు పుటలు వదలి, మేము ప్రకటించితిమి గదా యనువారిది.

కాలమున ప్రకటించుట అసాధ్యమేమియు కాదు. క్రికెట్టు చట్టములను కాపాడు మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్బువారు 2022లో చేసిన సవరణలను మార్చి మాసముననే వెల్లడించి అక్టోబరు 1వ తేదీనుండి అమలు జరిపిరి; నడుమ ఆఱుమాసముల గడువు. ఫుట్‌బాల్ చట్టముల మార్పులును సాధారణముగా సంవత్సరారంభపు సమావేశములలో నిశ్చయమై జూలై 1వ తేదీనుండి వర్తించును. రాజమహేంద్రవరమున పుట్టి 2019లో అంతర్జాతీయ క్రికెట్టు మండలికి తొలి మహిళా మ్యాచ్ రెఫరీయైన జి.ఎస్. లక్ష్మిగారి వంటివారికి ఆ గడువు దొరకును. పల్లెటూరి పాఠశాల మైదానమున ఈల పట్టుకొన్నవానికి దొరకదు. లోపము బుద్ధిలో కాదు, మార్గములో.

మన తెలుగువారు ఈ మార్గమును ఏడువందలేండ్ల క్రిందటనే చూపిరి. తిక్కన సోమయాజి కాలమున, ఆయనకు దశకుమారచరిత్రమును అంకితమిచ్చిన మూలఘటిక కేతన, యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర ననుసరించి విజ్ఞానేశ్వరీయమను ధర్మశాస్త్రగ్రంథమును తెలుగు పద్యములలో రచించెను. అక్వినాస్ ప్రకటనమును గూర్చి సిద్ధాంతము చేసిన ఆ శతాబ్దముననే ఇచట ఒక కవి ఆ పనియే చేసి చూపెను. అప్పులు, పాలుపంపకములు, సాక్ష్యములు, దండనలు మొదలగు వ్యవహారములు సంస్కృతము నెఱిగిన కొలదిమంది చేతులలోనే యుండక, తెలుగువారి చెవికి ఎక్కవలెనని ఆయనకు తోచియుండును. కబడ్డీ నియమావళి ఎన్ని పుటలుండును? దానిని తెలుగు చేయుటకు మహాకవి యక్కఱలేదు. ఇంగ్లీషును తెలుగును ఎఱిగిన ఒక ఉపాధ్యాయుడు, ఆటను ఎఱిగిన ఒక రెఫరీ, కలిసి కూర్చుండిన చాలును. అట్టి పుస్తకము తేదీతో ప్రతి మండలమునకు చేరిన దినమునుండి గడువు లెక్కించి, దానికి ముందు ఏ మార్పును అమలు చేయరాదని సమాఖ్యలు తమకుతాము ఒక నియమము చేసికొనవలెను.

అంతవఱకు జరిగిపోయినదాని మాటయేమి? చాటని నియమముతో అవుటై, ఆ యొక్క పాయింటుతో జట్టు ఓడి, జిల్లాస్థాయికి ఎంపిక కాలేకపోయిన పిల్లలుందురు. మఱుసటి సంవత్సరము వారి వయస్సు ఆ తరగతిని దాటిపోవును; ఆ అవకాశము తిరిగి రాదు. ఫలితమును మార్చుట సాధ్యపడదని కార్యాలయములు చెప్పును, అది నిజమే కావచ్చును. కాని తెలియక చేసినదానికిని ప్రాయశ్చిత్తము కలదని మన పెద్దలు చెప్పినదానిని నేను మాటవరుసకు చెప్పినమాటగా తీసికొనలేదు. తీర్పు చెప్పిన అధికారి ఆ పిల్లవాని పాఠశాలకు పోయి, తోటివారందఱి యెదుట, ఆనాడు నీవు ఆడినది నీకు చెప్పిన నియమము ప్రకారము సరియే, తప్పు మాది యని చెప్పవచ్చును. ఎంపిక సంఘమువారికి ఆ మాటయే వ్రాసి, తరువాతి శిబిరమునకు వానిని పిలువుడని కోరవచ్చును. ఇందులకు ఏ నియమావళి అనుమతియు అక్కఱలేదు, ఏ సవరణకొఱకును వేచియుండనక్కఱలేదు.